దురదకు పూత మందు: ఏది, ఎంత, ఎన్నాళ్లు

మూడేళ్ల కిందట నా ఎడమ మణికట్టు మీద రూపాయి బిళ్లంత ఎర్రమచ్చ వచ్చింది. సరిగ్గా వాచీ బకిల్ ఆనే చోట. మందుల షాపులో చూపిస్తే కౌంటర్ దగ్గర కుర్రాడు ఒక ట్యూబ్ చేతిలో పెట్టాడు. రెండు రోజుల్లో మచ్చ మాయం. వాచీ మళ్లీ పెట్టుకున్నాను, మచ్చ మళ్లీ వచ్చింది, మళ్లీ పూశాను. ఇలా ఏడాదిన్నర గడిచాక ఆ చోట చర్మం ఉల్లిపొరలా పలచబడి, కింద సన్నటి ఎర్రటి నరాలు కనబడసాగాయి. ట్యూబ్ మీద ఏం రాసుందో అప్పుడు చదివాను. ఒక బలమైన స్టెరాయిడ్ (ఎరుపు, దురద అణిచే మందు), ఒక ఫంగస్ మందు, ఒక యాంటీబయాటిక్. నాకు కావలసింది వాటిలో ఒక్కటే, అదీ ఓ వారం రోజులకు. దానికన్నా ముందు చేయాల్సింది వాచీ తీసేయడం.

మా అక్కది దీనికి పూర్తిగా తలకిందుల కథ. వాళ్ల బాబుకి మోచేతి మడతల్లో ఎగ్జిమా, అంటే చర్మం ఎర్రబడి దురదపెట్టే జబ్బు. డాక్టరు రాసిన క్రీమ్‌లో స్టెరాయిడ్ ఉందని తెలిసి, భయంతో ఆవగింజంత తీసి రెండు చేతులకీ సరిపెట్టేది. నెలల తరబడి బాబు గోక్కుంటూనే ఉన్నాడు, అక్క నిద్రపోలేదు. నేను ఎక్కువ వాడాను, తను తక్కువ వాడింది. ఇద్దరికీ కొలత తెలియదు. ఇక్కడ రాసేదంతా ఆ కొలత గురించే. ఇది డాక్టరుకు బదులు కాదు. డాక్టరు చీటీ రాసి పంపాక ఇంట్లో చేయాల్సిన పని.

మొదటి అడుగు: ఇది అలర్జీయేనా?

తెలుగులో ఒక చిక్కుంది. ఎగ్జిమానూ తామర అంటాం, గుండ్రంగా పాకే ఫంగస్ జబ్బునూ తామర అంటాం. కొన్ని ఊళ్లలో రెంటినీ కలిపి గజ్జి అనేస్తారు. పేరు ఒకటే అయినా మందులు మాత్రం ఒకదానికొకటి పడవు. ఫంగస్ మీద స్టెరాయిడ్ పూస్తే మొదట హాయిగా ఉంటుంది, ఎందుకంటే దురద పుట్టించేది ఫంగస్‌తో పోరాడుతున్న మన ఒంటి రక్షణ వ్యవస్థే. స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని ఆపేస్తుంది. ఫంగస్ దర్జాగా తొడల నుంచి నడుముకీ, నడుము నుంచి వీపుకీ పాకుతుంది. దేశమంతా ఇప్పుడు మొండి ఫంగస్‌తో అల్లాడుతోందంటే ఈ కలగాపులగం క్రీముల పాత్ర చాలా ఉంది.

కాబట్టి ట్యూబ్ మూత తీసేముందు వెలుతురులోకి వెళ్లి మచ్చను బాగా చూడండి. అంచు ఉబ్బెత్తుగా, పొట్టు లేస్తూ, నడుమ మాత్రం మామూలు చర్మంలా ఉంటే ఫంగస్ అని అనుమానించాలి. గజ్జల్లో, నడుము పట్టీ దగ్గర, రొమ్ముల కింద ఇది ఎక్కువ. వేళ్ల సందుల్లో, బొడ్డు చుట్టూ చిన్న చిన్న పొక్కులు వచ్చి, దురద రాత్రి పెరుగుతూ, ఇంట్లో ఇంకొకరు కూడా గోక్కుంటున్నారంటే అది అసలు గజ్జి, పురుగు వల్ల వచ్చేది. దానికి ఇంటిల్లిపాదీ ఒకేసారి మందు రాసుకోవాలి. ఇక దద్దుర్లు ఉబ్బుగా లేచి, ఒకచోట తగ్గి ఇంకోచోట వస్తూ, ఏ దద్దురూ ఒక రోజుకు మించి అదే చోట నిలవకపోతే వాటికి పూత మందు దండగ, మాత్రలు కావాలి.

అలర్జీ ఎగ్జిమా తీరు వేరు. ఎరుపు, దురద, ఒక్కోసారి నీరు కారడం, తరువాత ఎండి పొట్టు రాలడం, నెలలు గడిస్తే చర్మం మొద్దుబారి గీతలు తేలడం. చిన్నపిల్లల్లో బుగ్గల మీద, కాస్త పెద్దయ్యాక మోచేతి, మోకాలి మడతల్లో వచ్చేది పుట్టుకతో వచ్చే తత్వం, దాన్ని అటోపిక్ డెర్మటైటిస్ అంటారు. ఇంట్లో ఆస్తమా, తుమ్ములు ఉన్నవాళ్లు ఉంటారు తరచుగా. రెండోది తగులుడు అలర్జీ. తగిలిన వస్తువు ఆకారమే చర్మం మీద అచ్చు పడుతుంది, నా వాచీ బకిల్‌లా.

రెండో అడుగు: తగిలిందేమిటో పట్టుకోవడం

ఈ అడుగు దాటేసి ఎంత ఖరీదైన క్రీమ్ పూసినా నీళ్లలో పోసినట్టే.

ఇక్కడ చాలామంది బోల్తా పడేది సమయం దగ్గర. మొన్న వేసుకున్న చెవి దిద్దులకు ఈ రోజు చెవి ఎర్రబడితే, నిన్న తిన్న వంకాయ మీద నేరం మోపుతాం. తగులుడు అలర్జీ నిదానంగా వస్తుంది. రోల్డ్ గోల్డ్ నగలో ఉండే నికెల్ అనే లోహం, చెమట తగిలి కరిగి, చర్మంలోకి దిగి అక్కడి ప్రొటీన్లకు అంటుకుంటుంది. పై పొరలో కాపలా ఉండే లాంగర్‌హాన్స్ కణాలు ఆ కొత్త సరుకును పట్టుకుని లింఫు గ్రంథుల దాకా మోసుకెళ్లి, రక్షణ వ్యవస్థ సైనికుల్లాంటి టీ కణాలకు చూపిస్తాయి. టీ కణాలు దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకోవడానికి ఓ పది పదిహేను రోజులు పడుతుంది. ఈసారికి ఒంటి మీద ఏమీ కనబడకపోవచ్చు. మళ్లీ ఎప్పుడైనా నికెల్ తగిలితే ఆ గుర్తున్న కణాలు గుంపుగా చర్మానికి చేరి రచ్చ మొదలుపెడతాయి. అందుకు ఒకటి రెండు రోజులు పడుతుంది, ఒక్కోసారి మూడు. "పదేళ్లుగా అదే వాడుతున్నానండీ, ఇప్పుడెందుకు వస్తుంది?" అని అడుగుతారు. పదేళ్ల తరువాత కూడా రావచ్చు. ఒకసారి గుర్తు పడిందంటే సాధారణంగా జీవితాంతం ఉంటుంది.

కాబట్టి మచ్చ వచ్చిన రోజు నుంచి మూడు రోజులు వెనక్కి వెళ్లి రాసుకోండి. చెవులు, మెడ, మణికట్టు, బొడ్డు కింద ప్యాంటు బొత్తం ఆనే చోట అయితే నికెల్. నుదుట బొట్టు చోటైతే స్టిక్కర్ జిగురు. ఆ జిగురులో ఉండే ఒక ఫినాల్ రసాయనం అలర్జీతో పాటు రంగు కణాలను కూడా చంపేస్తుంది, అందుకే కొందరికి బొట్టు చోట తెల్లమచ్చ మిగులుతుంది. తెలుపు మొదలైందంటే ఆ రోజే స్టిక్కర్ మానేసి కుంకుమకు మారాలి. జుట్టు అంచున, చెవుల వెనక, కనురెప్పల మీద వాపుతో వస్తే నల్ల రంగు హెయిర్ డై. అందులోని పీపీడీ అనే రసాయనం చేసే పని అది. త్వరగా పండుతుందని అమ్మే నల్ల గోరింటాకులోనూ అదే కలుపుతారు. తాపీ మేస్త్రీల చేతులకు సిమెంటులోని క్రోమియం, పాదాల పైన పట్టీ ఆకారంలో వస్తే చెప్పుల తోలు లేదా రబ్బరు.

పొలం పనులు చేసేవాళ్లకు వయ్యారిభామ గురించి విడిగా చెప్పాలి. 1950ల నడుమ పుణె దగ్గర తొలుత కంటపడిన ఈ అమెరికా కలుపు ఇప్పుడు మన రోడ్ల పక్కన, బీడుల్లో ఎక్కడ చూసినా ఉంది. ఎండిన మొక్క పొడి గాల్లో తేలి ముఖం, కనురెప్పలు, మెడ, మోచేతి మడతల మీద పడుతుంది. చూసినవాళ్లు ఎండ పడలేదనుకుంటారు. చేత్తో ముట్టుకోకపోయినా వస్తుంది. నిండు చేతుల చొక్కా, ముఖానికి తువాలు, ఇంటికి రాగానే స్నానం, బట్టలు విడిగా ఉతకడం. ఇవి లేకుండా క్రీమ్ ఒక్కటే దాన్ని ఆపలేదు.

ఇంకొకటి ఎవరికీ తట్టదు, మందే అలర్జీ కావడం. పుండ్లకు రాసే ఆయింట్‌మెంట్లలో ఉండే నియోమైసిన్, నైట్రోఫ్యూరజోన్ చాలామందికి పడవు. మందు రాసేకొద్దీ మచ్చ పెద్దదవుతుంటే మందునే అనుమానించండి.

మూడో అడుగు: గోడకు మెత్తడం

చర్మం పై పొర ఇటుక గోడ లాంటిది. కణాలు ఇటుకలు, వాటి నడుమ కొవ్వు సున్నం. ఇటుకల్ని గట్టిపరిచే ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్ జన్యువులో లోపం ఉన్నవాళ్లకు అటోపిక్ ఎగ్జిమా ఎక్కువ వస్తుందని 2006లో బయటపడింది. గోడలో బీటలుంటే లోపలి తేమ పోతుంది, బయటి దుమ్ము, సబ్బు, సూక్ష్మజీవులు లోపలికొస్తాయి. రక్షణ వ్యవస్థ రెచ్చిపోయి ఐఎల్-4, ఐఎల్-13 అనే సంకేతాలు పంపుతుంది. అవి మళ్లీ ఫిలాగ్రిన్ తయారీనే తగ్గిస్తాయి. గోకితే గోడ ఇంకాస్త కూలుతుంది. ఈ దురద చాలావరకు అలర్జీ మాత్రలు అడ్డుకునే హిస్టమిన్ అనే రసాయనం వల్ల కాదు, ఐఎల్-31 లాంటి వేరే సంకేతాల వల్ల. అందుకే అలర్జీ మాత్ర వేసుకున్నా ఎగ్జిమా దురద పెద్దగా తగ్గదు. మత్తు మాత్రతో నిద్ర పడుతుందేమో గానీ, దురద ఆగినట్టు కాదు.

గోడ పనికి మాయిశ్చరైజర్ చాలు, కానీ చాలా కావాలి. ఒళ్లంతా పొడిబారిన పెద్దవాళ్లకు వారానికి పావు కిలో నుంచి అర కిలో దాకా పడుతుంది. వంద గ్రాముల సీసా రెండు నెలలు వచ్చిందంటే అది పూత కాదు, వాసన చూడ్డం. వాసన లేనిది, రంగు లేనిది కొనండి. సాదా పెట్రోలియం జెల్లీ చవక, దాంతో అలర్జీ చాలా అరుదు. మన ఉక్కపోతలో జిడ్డనిపిస్తే పగలు క్రీమ్, రాత్రి జెల్లీ. కొబ్బరినూనె మంచిదే. ఆవనూనె, ఆలివ్ నూనె వద్దు, అవి గోడను ఇంకా బలహీనపరుస్తాయి.

స్నానం గోరువెచ్చని నీళ్లతో, ఐదు పది నిమిషాల్లో ముగించాలి. బోరు నీళ్లకు నురగ రాదని సబ్బు రెండింతలు రుద్దే అలవాటు మానుకోవాలి. మడతలకు, పాదాలకు మాత్రం సబ్బు చాలు. జబ్బు ఎర్రగా ఉన్న రోజుల్లో సున్నిపిండి నలుగు పెట్టవద్దు. పసిపిల్లలకు నలుగు మంచిదని మా అమ్మమ్మ వాదించేది, ఆరోగ్యంగా ఉన్న చర్మం అయితే నేనూ ఒప్పుకునేవాణ్ణే. తువాలుతో అద్దుకుని, చర్మం ఇంకా తడిగా ఉండగానే మాయిశ్చరైజర్ పూయాలి. వెంట్రుకలు మొలిచే దిశలో పైనుంచి కిందికి.

ఒక జాగ్రత్త. పెట్రోలియం జెల్లీ, పారఫిన్ ఉన్న క్రీములు ఇంకిన బట్టకు నిప్పు త్వరగా అంటుకుంటుంది. పూసుకున్న చేతులతో, ఆ చీర కొంగుతో పొయ్యి దగ్గరికి వెళ్లకండి.

నాలుగో అడుగు: స్టెరాయిడ్ బలం ఎంచడం

స్టెరాయిడ్ చర్మ కణంలోకి దూరి, మంట పుట్టించే జన్యువుల నోరు మూయిస్తుంది. రక్తనాళాలు ముడుచుకుంటాయి, ఎరుపు తగ్గుతుంది, టీ కణాలు చల్లబడతాయి. 1952లో హైడ్రోకార్టిసోన్ చర్మం మీద పనిచేస్తుందని తేలినప్పటి నుంచి ఇప్పటికీ ఎగ్జిమాకు మొదటి మందు ఇదే. ఇదే మందు చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ తయారీని కూడా అణచివేస్తుంది. నా మణికట్టు పలచబడింది అందుకే.

ట్యూబ్ మీద శాతం చూసి బలం అంచనా వేయకండి. 1 శాతం హైడ్రోకార్టిసోన్ కన్నా 0.05 శాతం క్లోబెటాసోల్ వందల రెట్లు బలమైనది. గుర్తుంచుకోవాల్సింది పేర్లు. హైడ్రోకార్టిసోన్, డెసోనైడ్ మెత్తనివి. మోమెటాసోన్, ఫ్లుటికాసోన్ నడిమివి. బీటామెథసోన్ గట్టిది. క్లోబెటాసోల్, హాలోబెటాసోల్ అందరికన్నా గట్టివి.

ఏ చోటికి ఏది అన్నది చర్మం మందం మీద ఆధారపడుతుంది. ముంజేతి లోపలి వైపు పీల్చేదాన్ని ఒక వంతు అనుకుంటే, బుగ్గ 13 వంతులు పీలుస్తుందని, వృషణాల చర్మం 42 వంతులని, అరికాలు ఏడో వంతేనని 1967 నాటి కొలతలు చెబుతున్నాయి. అందుకే ముఖం, మెడ, చంకలు, గజ్జలు, పసిపిల్లల ఒళ్లంతా మెత్తని మందే. చేతులు, కాళ్లు, వీపుకు నడిమిది. మొద్దుబారిన అరచేయి, అరికాలికి గట్టిది, అదీ డాక్టరు చెబితేనే. క్లోబెటాసోల్ ఏ వయసువారికైనా వరుసగా రెండు వారాలు మించకూడదు, వారానికి 50 గ్రాములు దాటకూడదు.

బీటామెథసోన్ క్రీమ్‌ను తెల్లబడటానికి ముఖానికి రాసుకునే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది. మొదట తెల్లబడినట్టే ఉంటుంది, తరువాత మొటిమలు, ముఖం మీద వెంట్రుకలు, ఎండలో అడుగుపెడితే మంట. మానేస్తే ముఖం ఎర్రగా భగ్గుమంటుంది, మళ్లీ అదే పూయాల్సి వస్తుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 స్టెరాయిడ్ పూత మందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చి, చీటీ లేకుండా అమ్మకూడదంది. కౌంటర్ దగ్గర ఆ నియమం ఎంత బాగా నడుస్తోందో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ట్యూబ్ రూపం కూడా చూడాలి. ఎండి పొట్టు లేచిన చోటికి ఆయింట్‌మెంట్, నీరు కారే చోటికి క్రీమ్, తలకు లోషన్.

ఐదో అడుగు: వేలి కొన కొలత

దీన్ని 1991లో ఇద్దరు బ్రిటిష్ వైద్యులు లెక్కగట్టి చెప్పారు. నాకు తెలిసి ఇంటింటా గోడ మీద రాసుకోదగ్గ లెక్క. పెద్దవాళ్ల చూపుడు వేలు తీసుకోండి. కొన నుంచి మొదటి గీత దాకా ట్యూబ్‌ను నొక్కి సన్నటి పాము గీయండి. అది ఒక వేలి కొన, దాదాపు అర గ్రాము. అది పెద్దవాళ్ల రెండు అరచేతులంత చోటికి, వేళ్లతో సహా, సరిపోతుంది.

పెద్దవాళ్లకు ముఖం, మెడ కలిపి రెండున్నర వేలి కొనలు. ఒక చేతికి, మణికట్టు పైన భుజం దాకా, మూడు. హస్తానికి రెండు వైపులా కలిపి ఒకటి. ఒక కాలికి ఆరు, పాదానికి రెండు. ఛాతీ, పొట్ట కలిపి ఏడు, వీపుకు ఏడు. ఏడాది, రెండేళ్ల పిల్లలకు, పెద్దవాళ్ల వేలితోనే కొలిచి, ముఖం, మెడకు ఒకటిన్నర, హస్తంతో సహా ఒక చేతికి ఒకటిన్నర, పాదంతో సహా ఒక కాలికి రెండు, ముందు వైపు రెండు, వీపుకు మూడు. మచ్చ అందులో సగం చోటే ఉంటే కొలతా సగమే.

ఇప్పుడు ట్యూబ్ లెక్క చూద్దాం. 15 గ్రాముల ట్యూబ్‌లో 30 వేలి కొనలు ఉంటాయి. రెండు హస్తాలకు రోజూ ఒకసారి పూస్తే పదిహేను రోజులు వస్తుంది. ఒక కాలూ పాదమూ అంతా ఎగ్జిమా ఉంటే రోజుకు ఎనిమిది వేలి కొనలు, అంటే నాలుగు రోజులకే ట్యూబ్ ఖాళీ. మా అక్క అదే సైజు ట్యూబ్‌ను నాలుగు నెలలు వాడింది.

రోజుకు ఒకసారి చాలా మందులకు సరిపోతుంది, చీటీలో రెండుసార్లని రాస్తే రెండుసార్లు. మాయిశ్చరైజర్‌కూ స్టెరాయిడ్‌కూ నడుమ ఇరవై నిమిషాలు, అరగంట వదలండి, లేకపోతే మందు పలచనై మచ్చ లేని చోటికీ పాకుతుంది. ఎర్రగా, గరుకుగా ఉన్న చోటే పూయాలి, మెరిసేంత పలచగా, రుద్దకుండా. దాని మీద ప్లాస్టిక్ చుట్టడం, బిగుతు డైపర్ వేయడం మందును లోపలికి ఎన్నో రెట్లు తోసేస్తాయి. పూశాక చేతులు కడుక్కోవాలి, చేతులకే పూసుకుంటే తప్ప.

ఆరో అడుగు: ఎప్పుడు ఆపాలి

ఎరుపు తగ్గగానే ఆపకండి. వేలితో నిమిరితే చుట్టుపక్కల చర్మంలా నునుపుగా తగిలేదాకా పూయాలి. మామూలుగా ఒకటి, రెండు వారాలు పడుతుంది. ముఖానికి అయితే మూడు నుంచి ఐదు రోజులు. మచ్చ ఉన్న చోట నల్లటి నీడ మిగలడం మన రంగు చర్మంలో సహజం, అది మంట కాదు, స్టెరాయిడ్‌తో పోదు, నెలల మీద దానంతటదే పలచబడుతుంది. ఈ నీడను జబ్బనుకుని పూస్తూ పోయినవాళ్లు ఎందరో.

మళ్లీ మళ్లీ అదే చోట వస్తుంటే డాక్టర్లు వారానికి రెండు రోజుల పద్ధతి చెబుతారు. చర్మం బాగున్నా సరే, ఎప్పుడూ వచ్చే చోట శని, ఆదివారాలు మాత్రం పూయడం. చూడ్డానికి బాగున్న చర్మం అడుగున గుర్తున్న టీ కణాలు ఇంకా కాచుకుని ఉంటాయి కాబట్టి ఇది పనిచేస్తుంది.

స్టెరాయిడ్ వద్దనుకునే చోట

కనురెప్పలు, పెదవుల చుట్టూ, మెడ, గజ్జలు. ఇలాంటి పలచటి చోట్లకు టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్ ఉంది. 1984లో జపాన్‌లో త్సుకుబా దగ్గర మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి వచ్చింది. టీ కణంలో కాల్సిన్యూరిన్ అనే మీటను కట్టేస్తుంది, దాంతో కణం మంట సంకేతాలు పంపలేకపోతుంది. కొల్లాజెన్ జోలికి పోదు కనుక చర్మం పలచబడదు. రెండేళ్లు దాటిన పిల్లలకు 0.03 శాతం, పదహారు దాటినవాళ్లకు 0.1 శాతం. మొదటి వారం పూసిన చోట మంట పుడుతుంది. పడలేదని ఆపేస్తారు చాలామంది. ట్యూబ్‌ను ఫ్రిజ్‌లో పెట్టి వాడితే, బాగా ఎర్రగా ఉన్నప్పుడు ముందు కొన్ని రోజులు స్టెరాయిడ్‌తో చల్లార్చి తరువాత దీనికి మారితే మంట తగ్గుతుంది. క్యాన్సర్ భయం గురించి అట్ట పెట్టె మీద హెచ్చరిక చదివి కొందరు హడలిపోతారు. అమెరికాలో 2006లో పెట్టిన హెచ్చరిక అది. ఆ తరువాత పిల్లలను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాల్లో ఆ భయానికి ఆధారం దొరకలేదు. మీ డాక్టరును అడగండి, టెన్షన్ పడి మధ్యలో మానేయకండి.

క్రిసాబొరోల్, రుక్సోలిటినిబ్ లాంటి కొత్త పూతలు కూడా వచ్చాయి. ధర, దొరకడం చూసుకుని చర్మవైద్యులు నిర్ణయించాల్సినవి.

పూత ఆపి వెంటనే వెళ్లాల్సిన సందర్భాలు

జ్వరంతో పాటు ఒకే సైజు చిన్న పుండ్లు గుత్తిగా వచ్చి, నొప్పి పెడుతుంటే అది హెర్పిస్ అనే వైరస్ కావచ్చు, గంటల్లో వెళ్లాలి. తేనె రంగు పక్కు కడితే బాక్టీరియా చేరింది. కన్ను చుట్టూ వాచి చూపు మసకబారినా, ఒళ్లంతా ఎర్రబడినా, కొత్త మాత్ర మొదలెట్టాక దద్దుర్లతో పాటు నోట్లో పుండ్లు వచ్చినా ఆగవద్దు.

కారణం ఎంతకీ దొరకకపోతే ప్యాచ్ టెస్ట్ ఉంది. పెద్ద బోధనాసుపత్రుల చర్మ విభాగాల్లో చేస్తారు. అనుమానం ఉన్న రసాయనాలను చిన్న చిన్న గిన్నెల్లో పెట్టి వీపుకు అంటిస్తారు, రెండు రోజులకు తీసి చూస్తారు, మళ్లీ మూడో రోజో నాలుగో రోజో చూస్తారు. వీపుకు వారం ముందు నుంచి స్టెరాయిడ్ పూయకూడదు, స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి. మీరు వాడే క్రీములు, డై పెట్టె, చెప్పుల ముక్క, నగ, అన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. మే నెలలో వద్దు, చెమటకు పట్టీలు ఊడిపోతాయి. డిసెంబరు, జనవరి బాగుంటుంది. పట్టీలు ఉన్న రోజులు వీపు తడవకూడదు కాబట్టి తలస్నానం ముందు రోజే చేసి వెళ్లండి.